ఏటికి ఎదురుకోలు

ఈ సంగతి జరిగినప్పుడే రాద్దామన్నా అప్పటికి నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు బడి గంట కొట్టే వేళకు నేనూ అక్కా ఎండిన ఏట్లో చెలమ తోడి, ఊరిన నీళ్లు ముంతతో కడవల్లోకి ఎత్తుతూ ఉండేవాళ్లం. తల నెరిశాక నా కూతురు కూర్చోబెట్టి నేర్పితే రాత వచ్చింది.

కూతురికి పాత కట్టడాల ఫోటోలంటే పిచ్చి. ఒక ఆదివారం నన్నూ, మాతోనే ఉండే అక్కనూ బస్సెక్కించి, కడప అవతల ఏటి మీద దొరల కాలంలో కట్టిన రాతి వంతెన దగ్గరికి తీసుకుపోయింది. దాని మీద బండ్లు తిరగడం ఎప్పుడో మానేశాయి. ఏట్లో చుక్క నీరు లేదు. ఇసుక కాలుతోంది. పడమటి ఆకాశం మాత్రం మాడిన పెనంలా ఉంది.

తను గట్టు మీద నిలబడి మమ్మల్ని కిందికి దించింది.

"పెద్దమ్మా, ఇంగా ఎనక్కి పో. వంతెనంతా పడాల."

"అంత దూరం పోతే నేను చీమంత కనపడతా గదే!" అంది అక్క.

"చీమైనా నవ్వుతాండాల, పెద్దమ్మా."

"నీ ఫోనుకు నా బోసినోరే దొరికిందా?"

నవ్వుతుండగానే గాలి ఆగిపోయింది. కమానుల కింద ఉన్న పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఎండుటాకులు ఎవరో ఈడ్చుకొస్తున్నట్టు చప్పుడు. వంపు తిరిగి, నురగతో, ముళ్లకంపతో సన్నటి నీటిపాయ ఇసుక మీద పాకుతూ వచ్చింది.

మా వైపు ఏరు వస్తే ఎవరూ పరుగెత్తరు. ఆడవాళ్లం చెప్పులు విడిచి ఎదురుపోతాం. పసుపూ కుంకుమా వేసి, మొదటి నీళ్లు తల మీద చల్లుకుంటాం. ఎన్నేళ్లకో వచ్చే నీళ్లు మరి.

"గంగమ్మ వస్తాండాదే!" అంటూ అక్క చెప్పులు విడిచి ఎదురుపోయింది. నేనూ వెనకే పోయి చేతులు జోడించాను. నీళ్లు పాదాలు కూడా మునగనంత. చల్లగా ఉన్నాయి.

"మా, పైకి రాండి! ఎనకాల శానా వస్తాండాది!" గట్టు మీద కూతురు గొంతు చించుకుంటోంది. వంపు అవతల ఏముందో ఆమెకు కనిపిస్తోంది, మాకు లేదు.

అక్క చెయ్యి పట్టి లాగాను. ఆమె కదల్లేదు.

"ఉండవే, పసుపన్నా తేలేదే," అంటోంది.

అంతలోనే నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. కాళ్ల కింద ఇసుక జారిపోసాగింది. అక్కను ఈడ్చుకుంటూ గట్టు దాకా ఎలా వచ్చానో నాకే తెలియదు. కూతురు చున్నీ విసిరి ఒకరి తర్వాత ఒకరిని పైకి లాగింది. వెనక్కి తిరిగి చూస్తే, మేం నిలబడిన చోట కమాను సగం దాకా ఎర్రటి నీళ్లు. ఒక చెట్టు వేళ్లతో సహా వచ్చి వంతెనకు కొట్టుకుంది. గట్టు అదిరింది.

బస్సులో కూతురు ఏడుస్తూనే ఉంది. అక్క ఏడవలేదు. కిటికీలోంచి ఏటి వైపే చూస్తూ నా చెవిలో అంది:

"ఒట్టి చేతుల్తో పోయినాము. గంగమ్మ ఊరుకోదు. రేపు నేను పోయి ఇచ్చొస్తా."

"ఏరు గట్టు తెంచుకుంటాండాది, అక్కా."

"అందుకే పోవాల."

మర్నాడు నేను లేచేసరికి అక్క తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, కొంగున పసుపూ కుంకుమా ముడివేసుకుంటోంది. నేను వీధి తలుపుకు లోపల తాళం వేసి, తాళంచెవి రవికలో దోపుకుని, తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను.