ఒకవైపు లోతు తీసిన గిటారు

కనకలక్ష్మి ఎడమచేత్తో గిటారు మెడని ఒళ్లోకి అదిమిపట్టి కుడిచేత్తో ఆకురాయి నడుపుతోంది. ఒకవైపు బల్లపరుపుగా, ఇంకోవైపు గుండ్రంగా ఉండే సన్న ఆకురాయి. బోట్లు బాగుచేసే తండ్రి సామాన్లలోంచి తెచ్చుకుంది. మెడ మీద అడ్డంగా ఉన్న లోహపు మెట్లకి గీతలు పడకుండా వాటి మీద టేపు అంటించింది. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉన్న చెక్కని కొద్దికొద్దిగా తోడేస్తోంది. పదిసార్లు నడపడం, పొడి ఊదేయడం, వేలు పెట్టి లోతు చూడడం. మళ్లీ పదిసార్లు.

వండూర్ నుంచి ఎండుచేపలు తెచ్చిన తల్లి యర్రమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తోంది.

"ఓలమ్మీ, దానికి పొలుసు తీస్తన్నావేటే? రేపు పులుసెట్టేస్తావేటి?"

"కాసేపు ఊరుకోమ్మా. చెయ్యి జారిపోద్ది."

"జారితే ఏటవుద్ది?"

"ఇంకో గిటారు లేదు నా దగ్గిర."

యర్రమ్మ చేపల సంచీని చప్పుడవకుండా పక్కకి జరిపింది.

అది 2018 ఫిబ్రవరి. పోర్ట్‌బ్లెయిర్ లంబాలైన్‌లో విమానాశ్రయం గోడకి దగ్గరగా ఒక అద్దె గది. కనకానికి ఇరవై నాలుగేళ్లు. అయిదేళ్లుగా హేవ్‌లాక్ దీవిలో ఒక హోటల్లో సాయంత్రాలు గిటారు వాయిస్తోంది. తినేవాళ్లు తింటూ సినిమా పాటలడుగుతారు, ఆమె వాయిస్తుంది. జనవరిలో ఒక సాయంత్రం ఎవరూ ఏమీ అడగలేదు. తనకోసమని తోడి రాగం అందుకుని, దాని కింద తనకి నచ్చిన జాజ్ కార్డులు, నాలుగైదు స్వరాలు ఒకేసారి మోగేవి, వేసుకుంటూ పోయింది. మధ్యలో గాంధారం దగ్గర తీగని పక్కకి లాగినప్పుడు ఆ స్వరం అనుకోకుండా నిండుగా ఊగింది. మూల బల్ల దగ్గర ఒకాయన చెంచా కిందపెట్టి లేచొచ్చాడు. పేరు శ్రీహర్ష. చెన్నైలో పియానో వాయిస్తాడు, సొంత బృందం ఉంది.

"కనకలక్ష్మిగారూ, ఆ ఒక్క స్వరం మళ్లీ వాయించండి."

మూడుసార్లు ప్రయత్నించింది. రాలేదు.

"గిటారు వాయించేవాళ్లు మా దగ్గర వీధికి నలుగురున్నారండీ," అన్నాడాయన. "నాక్కావలసింది ఆ స్వరం. దాంతో ఒక ఆరు నిమిషాలు వాయించి పంపండి. వచ్చిందంటే జూన్ నుంచి మాతో ఉండండి, ఏడాదంతా కచేరీలున్నాయి. ఫిబ్రవరి ఆఖరులోపు నా చేతికందాలి. తర్వాతైతే వేరే మనిషిని చూసుకోక తప్పదు."

ఎందుకు రావట్లేదో ఆమెకి తెలుసు. వీణ మీద మెట్లు ఎత్తుగా ఉంటాయి, వేలు తీగని తప్ప దేన్నీ తాకదు. ఎంత లాగినా అడ్డు లేదు. గిటారు మీద మెట్లు పొట్టివి. వేలికొస కింద చెక్కకి రాసుకుంటుంది, ఊపు అక్కడే చచ్చిపోతుంది. ఆ చెక్క తీసేయాలి. లోతు ఎక్కువైతే మెడ లోపలున్న ఇనుపకడ్డీ బయటపడుతుంది. తీసిన చెక్కని మళ్లీ పెట్టలేం. ఈ దీవుల్లో ఆ పని చేసేవాళ్లు లేరు. అందుకే హోటల్లో నెల సెలవు పెట్టి వచ్చి తనే మొదలుపెట్టింది.

గిటారు మీద వీణని వెతకడం ఆమెకి కొత్తేమీ కాదు. అసలు మొదలుపెట్టడమే అలా మొదలుపెట్టింది.

కనకం వండూర్ పిల్ల. తాతలు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆమెకి పదకొండేళ్లప్పుడు డిసెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున్నే భూమి ఊగింది, తర్వాత సముద్రం వచ్చింది. అందరూ గుట్టెక్కి బతికారు. దిగి చూస్తే ఇల్లు లేదు. ఇల్లున్న నేల కుంగిపోయి, లోపలికొచ్చిన నీళ్లు మళ్లీ వెనక్కి పోలేదు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక బడిలో పెట్టిన శిబిరానికి తీసుకొచ్చారు. అప్పటికి పిల్ల మాట్లాడడం మానేసింది.

శిబిరానికి మెయిన్‌లాండ్ నుంచి సాయం పెట్టెలొచ్చేవి. ఉక్కపోతకి ఒళ్లు కారిపోయే దీవులకి ఉన్ని స్వెట్టర్లు పంపించారు, మంకీ క్యాపులు పంపించారు. ఒక పెట్టెలో రగ్గుల మధ్య గిటారు వచ్చింది, ఒక తీగ తక్కువతో.

అక్కడ అన్నం వడ్డించడానికి ఊళ్లోనే డైరీ ఫార్మ్ అనే పేట నుంచి వీరలక్ష్మి అనే సంగీతం టీచరు వస్తుండేది. భర్త ఉద్యోగంతో రాజమండ్రి నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మనిషి. ఆ ఆదివారం భూకంపానికి ఆమె వీణ పడి దండి చీలిపోయింది. ఓడల్లో మనుషులకీ బియ్యానికీ తప్ప చోటు లేదు, ఇంక వీణ ఎక్కడ బాగవుతుంది. ఆమె గిటారుని చూసింది. గరిటె పక్కన పెట్టి, చెయ్యి కడుక్కొచ్చి, నేల మీద కూర్చుని దాన్ని వీణలా ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. తీగల్ని సడలించి, బిగించి, సా, పా, పై సా చేసింది.

"ఇది వీణ కాదు. అయినా మెట్లున్నాయి, తీగలున్నాయి. రండర్రా, కూర్చోండి."

ఒక మెట్టు దగ్గర తీగ నొక్కి, మీటి, పక్కకి లాగింది. కనకం కళ్లు ఆ వేలి మీదే ఉన్నాయి. వేలు ఆ మెట్టు దాటలేదు. స్వరం మాత్రం ఇంకో స్వరం దాకా పాక్కుంటూ పోయి, కాసేపు అక్కడ ఉండి, తిరిగొచ్చింది. పదిహేను రోజులుగా ఎవరేమడిగినా ఊఁ అనని పిల్ల "ఇంకోసారి" అంది.

ఆ రోజు తొమ్మిది మంది కూర్చున్నారు. నెల తిరిగేసరికి కనకం ఒక్కతే మిగిలింది. సరళీస్వరాలు, అలంకారాలు, వర్ణాలు, కృతులు, అన్నీ ఆ గిటారు మీదే ఏడేళ్లు నేర్చుకుంది. రెండేళ్లకి వీణ బాగై తిరిగొస్తే టీచరు ఒకరోజు దాన్నిచ్చి వాయించమంది. పది నిమిషాలు విని, "నీ వేళ్లు దానికే అలవాటుపడ్డాయి, అదే కానీయ్" అంది.

టీచరింటి సందు మొదట్లో మనోజ్ జిరాక్స్ దుకాణం. విశాఖపట్నం మనిషి, నేవీ బ్యాండులో శాక్సఫోన్ వాయించి రిటైరయ్యాడు. కనకానికి పదిహేనేళ్లప్పుడు ఒకరోజు దుకాణం మూసి నేరుగా పాఠం జరుగుతున్న గదిలోకే వచ్చేశాడు.

"అరే బేటా, పైన బహుత్ అచ్ఛా వాయిస్తున్నావు. కిందేమీ లేదు."

"కింద శ్రుతి ఉంది కదండీ," అంది టీచరు.

"శ్రుతి ఒక్కచోటే నిలబడి ఉంటుంది మేడమ్." కనకం వైపు తిరిగాడు. "చూడు బేటా. మీ సంగీతంలో జెట్టీ మీద నడుస్తావు. కింద కదలదు, నువ్వే కదులుతావు. జాజ్‌లో బోటు మీద నడవాలి. కిందా కదులుతుంది, నువ్వూ కదలాలి. పడకూడదు."

బోటు మీద నడవడం ఆమెకి తెలుసు. అయినా మొదటి ఏడాదంతా తల తిరిగింది. కార్డు మారగానే ఇందాకటి దాకా ఒప్పైన స్వరం తప్పైపోయేది. నాలుగేళ్లు నేర్పాడాయన. ఆ తర్వాతే హేవ్‌లాక్ హోటలు.

ఇప్పుడు ఆకురాయి పట్టినప్పుడు కనకం తెలివిగా పై మెట్ల దగ్గర మొదలుపెట్టింది. అక్కడ పాడైనా కొంతవరకు నెట్టుకురావచ్చు. నాలుగు మెట్ల మధ్య తీసి, తీగలెక్కించి, మనోజ్‌ని పిలిచింది. గాంధారం లాగింది. ఊగింది. మనోజ్ తలూపాడు.

"ఇప్పుడు అక్కడే కార్డు వెయ్యి."

వేసింది. ఇద్దరి మొహాలూ ఒకేసారి ముడుచుకున్నాయి. కింద చెక్క ఆనకపోయేసరికి ఒక్కో వేలు ఒక్కో బలంతో దిగి, ఒక్కో తీగ శ్రుతి ఒక్కో రకంగా హెచ్చింది.

"విరిగిన పాలలా ఉంది బేటా. గమకం కావాలంటే కార్డు పోతుంది. కార్డు కావాలంటే గమకం పోతుంది. ఇంక ముందుకెళ్లకు."

ఆయన వెళ్లాక గిటారుని అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లాగేది ఎప్పుడూ కింది మూడు సన్న తీగల్నే. కార్డుకి ఆధారం పైనున్న లావు తీగలు. రెంటికీ ఒకే లోతు ఎందుకు? పడవ పలకని ఒక అంచున అలాగే వదిలేసి, రెండో అంచుకి వాలుగా తండ్రి చిత్రిక పట్టడం చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. మిగిలిన మెట్ల మధ్య చెక్కనంతా అలా తీసింది. లావు తీగల కింద చెక్క చెక్కలాగే ఉంది, సన్న తీగల వైపుకొచ్చేసరికి రూపాయి బిళ్ల మందాన లోతు. ఆరు రోజులు పట్టింది. ఇంకో తొమ్మిది రోజులు వేళ్లకి తేలిగ్గా వాలడం నేర్పింది. మనోజ్ వచ్చి కార్డు విన్నాడు, గాంధారం విన్నాడు. గిటారు తీసుకుని మెడ వెంట బొటనవేలు నడిపి చూశాడు. వెళ్లి ల్యాప్‌టాప్, మైకు తెచ్చాడు.

అప్పట్లో దీవుల్లో ఇంటర్నెట్‌తో ఫొటో ఒకటి పంపడమే గగనం. పాట వెళ్లాలంటే పెన్‌డ్రైవ్‌లో వేసి, విమానమెక్కేవాళ్ల చేతికివ్వాలి. టీచరు పొరుగింటి అపర్ణ చెన్నైలో చదువుకుంటోంది, ఇరవై ఏడు పొద్దున్న వెళ్తోంది. ఇరవై ఆరు మధ్యాహ్నం ఆఖరి విమానం లేచాక కిటికీలకి పరుపులు కట్టి కూర్చున్నారు. గాంధారం సరిగ్గా ఉందో లేదో చెప్పడానికి టీచరు మూల చాప మీద కూర్చుంది.

మొదటిసారి ఆటో హారన్ పడింది. రెండోసారి తీగ జీరపోయింది. మూడోసారి కనకం కళ్లు మూసుకుని మొదలుపెట్టి, ఆరు నిమిషాల తర్వాతే తెరిచింది. మనోజ్ హెడ్‌ఫోన్లు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మేడమ్, మీ చెయ్యి."

"నా చెయ్యేం చేసింది?"

"తొడ మీద తాళం వేసేశారు. మొత్తం పడింది."

టీచరు తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. "అయ్యో, నాకు తెలీనే తెలీదండీ. అరవై ఏళ్లుగా వేస్తున్న చెయ్యి."

నాలుగోసారికి ఆమె తనే లేచి బయటికెళ్లి, మెట్టు మీద యర్రమ్మ పక్కన కూర్చుంది. కనకం వాయించింది. శుభ్రంగా వచ్చింది. తప్పుపట్టడానికి ఏమీ లేదు, మళ్లీ వినాలనీ అనిపించలేదు. ఇంకోసారి అనుకునేలోపు రేకుల మీద వాన మొదలైంది. ఇంక తెరిపిచ్చేలా లేదు.

కనకం హెడ్‌ఫోన్లు పెట్టుకుని మూడోది వింది. ఆది తాళంలో ఎనిమిది అక్షరాల్లో చెయ్యి చప్పుడయ్యేది మూడింటికే. ఒకటికి, అయిదుకి, ఏడుకి. మిగతావి వేళ్ల లెక్క, చెయ్యి తిప్పడం. మెత్తటి దెబ్బ, కాస్త ఆగి మళ్లీ, మళ్లీ. ఆరు నిమిషాల్లో అది వెంట్రుకవాసి జరగలేదు. గాంధారం ఎంత దూరం ఊగిపోయినా, కార్డులు కింద ఎన్నిసార్లు మారినా, తన స్వరం తిరిగొచ్చి సరిగ్గా ఆ దెబ్బ మీదే వాలుతోంది. అలా వాలుతున్నానని వాయించేటప్పుడు తనకి తెలీదు. నాలుగోది మళ్లీ వింది. అందులో అంత దూరం వెళ్లే ధైర్యమే చెయ్యలేదు. హెడ్‌ఫోన్లు తీసి మోకాళ్ల మీద పెట్టుకుంది.

"మూడోది పంపుతాను."

"నా చప్పుడుతోనా?" టీచరు గుమ్మంలోంచి అంది. "నవ్వుతారే కనకం. ఒక్క అవకాశం వచ్చింది, దాన్ని నా చేతులారా..."

"నవ్వితే నవ్వనీయండి టీచర్‌గారూ. నాలుగోది విని పిలిచారనుకోండి, ఏడాదంతా నాలుగోదానిలాగే వాయించాలి. నావల్ల కాదు."

మనోజ్ కీబోర్డు మీద వంగాడు. "పేర్లు రాయాలి బేటా. గిటారు, కనకలక్ష్మి. తాళం?"

"వీరలక్ష్మి."

టీచరు లోపలికొచ్చి, తెర మీదికి వంగి తన పేరు చూసుకుంది. "ఇంటిపేరు కూడా రాయండి," అంది.

మర్నాడు పొద్దున్న కనకం విమానాశ్రయానికి నడిచే వెళ్లింది. అపర్ణ గేటు దగ్గర పెట్టెతో నిలబడి ఉంది. కనకం చిన్న ప్లాస్టిక్ కవర్లో పెన్‌డ్రైవ్ పెట్టి, మీద శ్రీహర్ష పేరూ ఫోన్ నంబరూ రాసి తెచ్చింది.

"పెట్టెలో పడేయకు. నీ దగ్గరే ఉంచుకో. ఆయన చెన్నైలో బయట నిలబడి ఉంటానన్నాడు."

"మూడోసారి చెప్తున్నావు దీదీ."

అపర్ణ కవరు తీసుకుని చేతిసంచీ లోపలి అరలో వేసి జిప్పు లాగింది. టికెట్టూ గుర్తింపు కార్డూ చూపించి లోపలికి వెళ్లింది.