పరేడ్ వరసలో మా పిల్లలు

మా కాలేజీలో చదువుకునే ఆఫ్రికా కుర్రాళ్ళలో ఒకణ్ణి గొలుసు దొంగతనం కేసులో పట్టుకుపోయారు. కోరుకొండ గుడి నుంచి ఇంటికి వెళ్తున్న ఒక పెద్దావిడ మెడలో పుస్తెలతాడు ఎవడో బండి మీద వచ్చి తెంపుకుపోయాడు. నల్లగా, పొడుగ్గా, ఉంగరాల జుట్టుతో ఉన్నాడని ఆవిడ చెప్పింది. ఆ సాయంత్రం అదే రోడ్డు మీద మావాడు కొండని ఫొటోలు తీసుకుంటున్నాడట. ఇంకేం కావాలి? తీసుకెళ్ళి రాజమండ్రి జైల్లో పెట్టారు.

వాడికి ఇంగ్లీషు పాఠం చెప్పేది నేనే. విదేశీ విద్యార్థుల కేసుల్లో ఒంటి రంగు చూసి తేల్చేయకూడదనీ, ప్రభుత్వ ఖర్చుతో వకీలునీ, మాటలు తర్జుమా చేసే దుబాసీనీ ఇవ్వాలనీ ఆ మధ్యే పైనుంచి ఆదేశాలు వచ్చాయి. దుబాసీగా నన్ను రమ్మన్నారు. కాగితం మీది మంచిమాటలంటే నాకు పెద్ద నమ్మకం లేదు. అయినా వెళ్ళాను. రోజూ క్లాసులోకి వస్తూనే "బాగున్నారాండి?" అని అడిగే పిల్లాడు వాడొక్కడే.

ఇలాంటి కేసుల్లో గుర్తింపు పరేడ్ అని ఒకటుంటుంది. నిందితుణ్ణి అతని పోలికలున్న మరికొందరి మధ్య నిలబెడతారు. సాక్షి వచ్చి తను చూసిన మనిషి భుజం మీద చెయ్యి వెయ్యాలి. మేజిస్ట్రేటు గారు దాన్ని జైల్లోనే జరిపిస్తారు. పరేడ్‌కి ముందురోజు కోర్టులో మేజిస్ట్రేటమ్మగారు, "పోలికలున్నవాళ్ళు దొరికారాండి?" అని అడిగారు.

"చెరుకు నరికేవాళ్ళని తెప్పిస్తామండి. నలుపుకి మన పక్క కొదవేంటండి?" అన్నారు ఎస్సై గారు.

నాకు నవ్వూ ఒళ్ళుమంటా ఒకేసారి వచ్చాయి. నలుపు సంగతి నాకు ఒకరు చెప్పాలా? మా అమ్మ నన్ను మహాలక్ష్మి అంటే, పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు "కాకిపిల్ల కాకికి ముద్దు" అని నవ్వుకున్నారు. అయినా మన మనుషుల మధ్య మావాణ్ణి నిలబెడితే ఎవరైనా కళ్ళు మూసుకుని చెయ్యి వెయ్యొచ్చు.

మేజిస్ట్రేటు గారికీ అదే తోచింది. "కుదరదండి. ఆ కుర్రాడిలాంటి కుర్రాళ్ళే ఉండాలి. ఆ ఆదేశాలు ఎందుకిచ్చారనుకున్నారు?" అన్నారు.

హాస్టల్‌కి వెళ్ళి మిగతా పిల్లల్ని అడిగాను. ఎవరూ ముందుకు రాలేదు. ఏ తప్పూ చెయ్యనివాళ్ళని జైల్లోకి నడిచొచ్చి, దొంగ పక్కన నిలబడ్డట్టు నిలబడమంటున్నాను. నా పిల్లల్నయితే పంపేదాన్నా? పంపేదాన్ని కాదు. చివరికి అందరికంటే కొత్తవాడు, ఇంకా మన కూరల కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు, వస్తానన్నాడు. వాడన్నాక మిగతావాళ్ళూ సరే అన్నారు.

మర్నాడు పెద్దావిడ వచ్చింది. పుస్తెలు పోయిన మెడలో పసుపుకొమ్ము కట్టిన దారం ఉంది. వరస ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. మావాడి ముందు ఆగి మొహంలోకి చూసింది. వాణ్ణి దాటి వెళ్ళి, కొత్తవాడి భుజం మీద చెయ్యి వేసింది.

తాడు పోయిన రోజుకి ఆ పిల్లాడింకా విమానమే ఎక్కలేదు.

మేజిస్ట్రేటు గారు అది రాసుకున్నారు. బయటికి వెళ్తూ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

"చూపించానమ్మా. నా తాడు దొరుకుద్దంటావా?"

ఆవిడ అబద్ధమాడలేదు. భయంలో ఒక రంగు కనబడింది, ఆ రంగే మనసులో ఉండిపోయింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. "చూద్దామండి" అన్నాను.

మావాడికి ఇక బెయిలుకి అడ్డుండదు. వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోవచ్చని మేజిస్ట్రేటు గారు చెప్పారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. పిల్లలు గేటు వైపు కదిలారు. కొత్తవాడు మాత్రం నిలబడ్డచోటే ఉన్నాడు.

"నేను కూడానా మేడమ్?" అన్నాడు. "ఒక్కసారి మేజిస్ట్రేటు గారిని అడగరూ?"

అడిగాను. ఆవిడ స్వయంగా లేచి వచ్చి, వాడి వైపే చూస్తూ వెళ్ళమని చెప్పేదాకా వాడు కదల్లేదు.