వెదురు బొంగుకు అవతల మామ

ఆష్టి నుంచి బస్సులో ఇంటికి వస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. మా మేనమామ ఇక లేరు. నిద్రలోనే పోయారట. గుర్రం మీంచి పడ్డా దుమ్ము దులుపుకుని లేచే మనిషి మంచం మీంచి లేవలేదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

మామ ఫౌజులో గుర్రాలకు తర్ఫీదు ఇచ్చేవారు. రిటైరై సిరొంచకు వచ్చాక ఒక తెల్ల గుర్రాన్ని పెంచారు. ఈ చుట్టుపక్కల పెళ్లికొడుకులు దాని మీదే ఊరేగారు. పెళ్లిళ్లు లేని రోజుల్లో దాన్ని ప్రాణహిత ఇసుకలోకి తోలుకెళ్లేవారు. అరవై దాటిన ఆ మనిషి పగ్గాలు వదిలేసి, రెండు చేతులూ కట్టుకుని, నడుమెత్తు వెదురు బొంగు మీంచి దూకడం నేను చూశాను. అబ్బ! గుర్రానికీ ఆయనకూ కలిపి ఒకటే ఒళ్లు అనిపించింది. నాకూ నేర్పమని ఆ రోజే వెంటపడ్డాను. అప్పటికే బడిలో పాఠాలు చెబుతున్నదాన్ని, సిగ్గు కూడా పడలేదు.

పరుగు కాస్త వంటబట్టాక బొంగును మోకాలెత్తున కట్టారు. తీరా దాని దగ్గరికి వచ్చేసరికి గట్టు మీద పెళ్లి బాజా మోగింది. గుర్రం టక్కున ఆగి చిందులాడటం మొదలుపెట్టింది! నేను దాని మెడ మీంచి జారి ఇసుకలో బొక్కబోర్లా పడ్డాను.

"దాన్నేం అనకు బిడ్డా," అన్నారు మామ నన్ను లేపుతూ. "బాజా ఇంటే ఆడుడే దాని నౌకరి. పెండ్లిళ్ల దినాలల్ల నేర్పుడు నాదే గల్తీ."

వాచిన నా చెయ్యి చూసి అమ్మ ఇంతెత్తున లేచింది. "అన్నా, ఇంకొక్కసారి పడ్డదంటే ఇగ దీన్ని గుర్రం దిక్కే పోనియ్య!"

"పడది చెల్లె. జిమ్మేదారి నాది."

ఆ మాటతో నాకు భయం రెట్టింపైంది. బొంగు దగ్గరపడగానే చూపు దాని మీదికే వాలేది, గుర్రమూ ఆగిపోయేది. ఈ జన్మకు నాకు దూకడం రాదని ఏడ్చేదాన్ని. "నువ్వు బొంగు జూస్తే అది గూడ గదే జూస్తది," అని మామ విసుగు లేకుండా చెప్పేవారు. అంత ఓపిక నేను ఏ మాస్టారిలోనూ చూడలేదు.

ఒక పొద్దున మామ బొంగుకు అవతల, నా దారికి సరిగ్గా ఎదురుగా వెళ్లి నిలబడ్డారు.

"నా మొఖం జూస్తనే రా. కండ్లు మూయకు. నేను జరుగ."

"గుర్రం తొక్కుతది మామా!"

"అది నన్ను తొక్కదు. నువ్వు జర పరేషాన్ గాకు."

జూలు పట్టుకుని గుర్రాన్ని పరుగుకు వదిలాను. ఆయన ముఖం తప్ప నాకింకేమీ కనబడలేదు. గుర్రం లేచింది. కింద నేల లేదు. ఆ గాలిలోంచి చూశాను: నన్ను కళ్లు మూయొద్దన్న మనిషి రెండు కళ్లూ గట్టిగా మూసుకుని ఉన్నారు, పెదవులు కదులుతున్నాయి.

గుర్రం కాళ్లు నేలకు తాకాయి, అది ఆయన చొక్కా రాసుకుంటూ పక్కనుంచి దూసుకుపోయింది. నేను దాన్ని ఆపి వెనక్కి తిరిగాను. మామ నిలబడ్డ చోటి నుంచి అడుగు కూడా జరగలేదు.

కళ్లు తెరవకుండానే అడిగారు: "పడలేదు గద, బిడ్డా?"