బావి లేని బిట్టు

మా మేనత్త సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసేది. నర్సు, పనిమనిషి, పక్కింటావిడ. ఇన్నేళ్లలో ఒక్కసారి మంచి వేషం దొరికింది. అందులో ఆవిడ కూతురు పాడుబడ్డ బావిలో పడిపోతుంది. కనుచూపు మేరలో మనిషి లేడు, తాడు లేదు. అత్త ఒంటిమీది బట్టలన్నీ విప్పి, ఒకదానికొకటి ముడివేసి బావిలోకి వదులుతుంది. దానికి మా ఇంట్లో నానా రభస! ఆ సినిమా చచ్చినా చూడనని మా నాన్న భీష్మించుకు కూర్చున్నాడు.

అలాంటి మనిషి ఒక ఆదివారం దొంగల సినిమాకి వెళ్లి, సగంలోనే చిందులు తొక్కుతూ ఇంటికొచ్చాడు.

"ఇందులో కూడా బట్టలిప్పావా? పరువు తీశావు కదే!"

"దొంగల సినిమాలో నేను లేనే, అన్నయ్యా," అంది అత్త.

అప్పుడు వెలిగింది నాకు. మొన్నటిదాకా అదే హాల్లో ఆడిన అత్త సినిమాలోంచి ఆ ముక్క కోసి, జనాన్ని రప్పించడానికి ఇందులో అతికించారు. బిట్టు అంటారు దాన్ని. ఆ సంగతి చెబితే అత్త ఏడుస్తుందనుకున్నాను. చెప్పులేసుకుని తర్వాతి ఆటకి బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను.

తెరమీద దొంగలు గోడ దూకారు. మరుక్షణం, ఏ సంబంధమూ లేకుండా, అత్త బట్టలు విప్పుతోంది. బావి లేదు, పాప లేదు. ముడి వేసేలోపే కత్తిరించేశారు. హాలంతా ఈలలు. నాకు ఒళ్లు మండిపోయింది.

అత్త తిన్నగా స్టేజీ ఎక్కి తెరకి అడ్డంగా నిలబడింది. ఆట ఆగింది, లైట్లు వెలిగాయి. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"సిగ్గుపడకుండా మీరు చేసిందేగా అమ్మా! మేం చూపిస్తే తప్పేంటి?"

"ఇప్పుడూ సిగ్గుపడట్లేదు. అక్కడ నా పిల్ల బావిలో ఉంది, అందుకు విప్పాను. పిల్లని తీసేసి నన్నొక్కదాన్నే ఉంచావు చూడు, ఇక్కడ నా బట్టలు విప్పింది నువ్వు!"

ఈలలు ఆగిపోయాయి. "ఏ పిల్లమ్మా?" అన్నారెవరో వెనకనుంచి. అత్త మొదట్నుంచీ చెప్పింది. బావి, ముడులు, అంతా. "పట్టుకోమని అరిచాను. పాప చెయ్యి అందింది. పైన ముడేమో జారుతోంది..." అని ఆపేసింది.

"మరి పాప బతికిందా?"

"నా ముక్క నా సినిమాలో అతికించి మళ్లీ వెయ్యమనండి. టికెట్టు కొనుక్కొచ్చి చూద్దురుగాని," అని దిగి వచ్చేసింది. మా వెనకాల హాలు హాలంతా మేనేజరు మీద పడింది.

ఇంట్లో జరిగిందంతా నాన్నకి నేనే చెప్పాను.  అంతా విని, మొహం అటు తిప్పుకుని అడిగాడు.

"ఇంతకీ ఆ పాప బతికిందా?"

"నీకూ టికెట్టే, అన్నయ్యా," అంది అత్త.