అందరూ పెనం దగ్గరికి పరిగెత్తిన రోజు

నా చిన్నప్పుడు, నాకు ఏడేళ్ళ వయసులో, మా అమ్మ కానుపుకి నన్ను వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చింది. కశింకోట పక్కన పల్లె. చెరుకు గానుగాడి బెల్లం వండే రోజులు.

ఒకనాడు తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. పొద్దెక్కినా బిడ్డ రాలేదు. ఇది తన చేతిలో లేదని మంత్రసాని చెప్పేసింది. అనకాపల్లి ఆస్పత్రికి తీసుకెళ్ళాలా, ఇంకాసేపు ఆగాలా? బండి వాకిట్లోనే ఉంది. మొదట ముగ్గురే మాట్లాడుకున్నారు. కబురు పాకి, చూస్తుండగానే ముప్పైమంది అయ్యారు. అందరూ మా అమ్మ మీద ప్రేమతో వచ్చినవాళ్ళే. కాకపోతే ప్రతి ఒక్కరూ ఒక కానుపు కథ వెంట తెచ్చుకున్నారు. అమావాస్య అన్నారొకరు. మా నాన్న వైపు పెద్దలు రాకుండా కదిలిస్తే మాటొస్తుందన్నారు ఇంకొకరు. ఎడ్లను కట్టారు, విప్పారు. మళ్ళీ కట్టారు, మళ్ళీ విప్పారు.

మా తాతయ్య అప్పటిదాకా అందరి మాటలూ వింటూ అరుగు మీద కూర్చున్నాడు. చివరికి లేచి, "పెనం కాడ ఎవులున్నారు? పాకం మాడిపోతన్నట్టుంది," అన్నాడు.

ఆ బెల్లం పెనం అన్ని ఇళ్ళకీ ఉమ్మడిది. పక్కింటి మనిషి చూస్తున్నాడులే అనుకుని ఎవరికి వారే వచ్చేశారు. ఒక్కసారిగా వాకిలి ఖాళీ అయింది. నిజానికి మా చిన్న మావయ్యని పొద్దున్నే పెనం దగ్గర కూర్చోబెట్టింది తాతయ్యే.

అమ్మమ్మ, మంత్రసాని, ఆయన మిగిలారు. తాతయ్య అమ్మ ఉన్న గది గుమ్మం బయట నిలబడి, "ఏటి సెయ్యమంటావమ్మా?" అని అడిగాడు.

"ఆస్పత్రికి తీసుకెల్లు నాన్నా. తెల్లారినకాణ్ణుంచీ అదే సెప్తన్నాను," అంది అమ్మ.

బండి కదిలింది. అమ్మ బతికింది. తమ్ముడు బతకలేదు. కాస్త ముందు తెచ్చుంటే బాగుండేదని డాక్టరమ్మ అంది. నాకు ఏడుపు రాలేదు. చాలా రోజులు అలాగే తిరిగాను. అన్నం పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను.

ఇప్పటికీ మా ఇంట్లో ఎవరి గురించైనా పదిమంది చేరి మాట్లాడుతుంటే, నేను లేచి ముందు ఆ మనిషినే అడిగి వస్తాను. అది తాతయ్య దగ్గర నేర్చుకున్న తెలివని మా పిల్లలు అంటారు. నేనెప్పుడూ కాదనలేదు. ఆ పొద్దంతా నేను గుమ్మం పక్కనే కూర్చున్నాను. అమ్మ మాట నాకు వినబడుతూనే ఉంది. అంతమంది పెద్దవాళ్ళున్నారు కదా, ఎవరో ఒకరు వినే ఉంటారనుకున్నాను.