ఏడు దగ్గర ఆగిపోయే దర్జీ అత్తయ్య

మా పక్కింటి దర్జీ అత్తయ్యకు ఏడు తర్వాత ఏమొస్తుందో తెలియదు. నలభై ఏళ్ళు బట్టలు కుట్టింది, పావంగుళం తేడా రానివ్వలేదు. అరవై దాటిన ఆడవాళ్ళకు వ్యాయామం నేర్పడం మొదలుపెట్టాక మాత్రం, "ఐదు, ఆరు, ఏడు, ఏడు, ఏడు..." అంటూ అక్కడే చతికిలబడుతుంది.

క్లాసు మా వీధి చివరి హాల్లో. చేతుల్లేని కుర్చీలు పన్నెండు, ఇసుక నింపిన నీళ్ళ సీసాలు, మూలన బోర్లించిన బరువు చూసే మిషను.

"రెండు నెలలైంది, అరకిలో కూడా తగ్గలేదు" అని రిటైరైన లెక్కల టీచరమ్మ సణిగితే, అత్తయ్య ఆమె నడుముకు టేపు చుట్టింది.

"రెండంగుళాలు తగ్గావు వదినా. కొవ్వు పోయి కండ పట్టింది. ఆ మిషనుకు రెండూ ఒకటే, దానికేం తెలుసు?"

"నీకు మాత్రం లెక్కలొచ్చా?"

"టేపు మీద రాసుంటాయిగా."

నానమ్మను అక్కడికి నేనే తీసుకెళ్ళేవాణ్ణి. జారిపడి మూడు నెలలు మంచాన ఉండేసరికి ఆమె తొడల్లో కండంతా కరిగిపోయింది. చేతులు ఆనించకుండా పదిసార్లు కుర్చీలోంచి లేస్తే సరి, లేకపోతే నెలాఖరుకు ఆమె పూలకొట్టు ఎత్తేస్తానని నాన్న తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆ కొట్టే లేకపోతే నానమ్మకు ఎవరిమీద అరవాలో తోచదు.

లోకంలో ఎవరికీ ఏ పనీ సరిగా రాదని నా గట్టి నమ్మకం. పాత పుస్తకాల షాపులో వ్యాయామం పుస్తకం కొని రెండుసార్లు చదివి వెళ్ళాను.

"అత్తయ్యా, పది అంటే పదే. ఇందులో ఉంది."

"అయితే నువ్వే లెక్కపెట్టు నాయనా."

పెట్టాను, గడియారంలా. అందరూ పదిసార్లు లేచి కూర్చున్నారు. నానమ్మ ఏడోసారి సగం లేచి కూలబడింది. మిగతా అంకెలు వింటూ కూర్చుని, చేతిసంచి అందుకుంది.

"ఇంటికి పోదాం పదరా. కొట్టు ఎత్తేయమను."

అత్తయ్య నన్ను పక్కకు నెట్టింది. "వీడికి లెక్క రాదు. ఏడు నుంచి మళ్ళీ చేద్దాం. ఏడు..."

నానమ్మ సంచి కింద పెట్టి మళ్ళీ లేవబోయింది.

"ఏడు... ఏడు..."

నేను నోరు తెరవబోతే టీచరమ్మ ఇసుక సీసాతో డొక్కలో పొడిచింది. "ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. ఏడే. నోర్మూసుకో."

అప్పుడు చూశాను. మిగతా పదకొండు మందీ లేచి, కూర్చోకుండా నిలబడే ఉన్నారు. నానమ్మ నిటారుగా నిలిచాకే ఎనిమిది వచ్చింది. ఆ హాల్లో ఈ సంగతి తెలియనిది పుస్తకం చదివినవాడికొక్కడికే.

నెలాఖరున నాన్న వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ రోజు అత్తయ్య ఒకటి నుంచి పది దాకా ఎక్కడా ఆగకుండా చదివేసింది. నానమ్మ అంకె అంకెకూ లేచింది.

నాన్న చప్పట్లు కొట్టబోయాడు. నానమ్మ ఆయాసపడుతూనే చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇటివ్వు. ఇన్నాళ్ళూ కొట్టు ఊడ్చావా?"

"రేపు ఊడుస్తానమ్మా."

"ఇప్పుడే పద. నేను నిలబడి చూస్తాను."