మేకు లేని బెంచీ కోసం సిద్దిపేట దాకా

మా బడి బెంచీలో పైకి లేచిన మేకు ఒకటి నర్సవ్వ అనే పిల్ల లంగా చింపింది. ఆ పిల్లకు ఉన్నది ఆ ఒక్క లంగానే. వారం రోజులు బడికి రాలేదు. పంతులునైన నాకు తల కొట్టేసినట్టయింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది అది. సిద్దిపేటలో లస్మయ్య అనే వడ్రంగి రంగూనులో జపాను పనివాళ్ళ దగ్గర నేర్చుకొచ్చాడనీ, ఒక్క మేకైనా లేకుండా బెంచీ చేస్తాడనీ విన్నాను. నా చేత్తో నేనే చేసి తెస్తానని బడిలో చెప్పి మరీ బయలుదేరాను.

హుస్నాబాదులో పొద్దున ఆరింటికి పెట్రోలు బదులు బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు, కిరాయి ఎనిమిది అణాలు. ఎత్తు వచ్చినచోటల్లా దిగి నడిచాం. తిరుగు బస్సు నాలుగింటికనీ, బెంచీని పైన కట్టినందుకు ఇంకో రెండణాలు ఇవ్వాలనీ డ్రైవరు ముందే చెప్పాడు. తొమ్మిదిన్నరకు సిద్దిపేటలో దిగాను.

లస్మయ్య తక్కువ మాటల మనిషి. నేను చెప్పిన నర్సవ్వ సంగతంతా విని, టేకు పలక ముందు పడేసి, గీత గీసి, నాకు రంపం ఇచ్చాడు. పలకకు నాలుగు బెజ్జాలు తొలిచాం. వాటిలో దిగే కాళ్ళ కొనలను చెక్క సుత్తెతో చుట్టూ కొట్టి అణచాలట. దిగాక తడి చేస్తే కర్ర ఉబ్బి తనంతట తానే బిగుస్తుందట. మధ్యాహ్నానికి మూడు కాళ్ళు నిలబడ్డాయి. ఆయన అన్నానికి లేచాడు. నాలుగో కొన సుత్తె దెబ్బలకు సొట్టలు పడి ఉంటే, నా తెలివి కొద్దీ చిత్రిక పట్టి నున్నగా చేశాను. తడికి ఉబ్బాల్సిన కర్రంతా చిత్రికతో పోయింది; బెజ్జంలో పెడితే కాలు లొడలొడలాడింది.

మూడు దాటింది. బస్సు తప్పిపోతుందని, ఈ ఒక్క కాలికి లోపలివైపు ఒక మేకు కొడదామని మెల్లగా అడిగాను. లస్మయ్య కాలు చేతిలోకి తీసుకుని చూశాడు. కోప్పడలేదు.

"గా పిల్ల లంగ ఎన్ని మేకులు చింపినయి పంతులూ?" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. కొత్త కర్ర తీసుకుని మళ్ళీ మొదటి నుంచి కోశాను. బస్సు పోయింది. చీకటి పడేలోగా కాలు బిగిసింది. మర్నాటి బస్సులో ఊరు చేరాను.

నాకు చేతకాదేమో అన్న అనుమానం ఆ రోజుతో తీరింది. నాకు అంతా తెలుసన్న నమ్మకమూ తీరింది. కబురు పంపితే నర్సవ్వ వచ్చింది. కుట్టు వేసిన లంగా ఒక చేత్తో పట్టుకుని, రెండో అరచేత్తో పలక ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తడిమింది. తర్వాత కింద కూడా తడిమింది. అప్పుడు కూర్చుంది.

ఈ పని మీద సిద్దిపేట వెళ్ళేవారు తిరుగు బస్సును నమ్ముకోకండి. ఒక కాలు పాడు చేసుకునే తీరిక పెట్టుకుని వెళ్ళండి.